రెండు రోజులు పట్టిన ఐదు నిమిషాలు

నాకు నత్తి. మాటలు నేర్చిన దగ్గర్నుంచీ ఉందని అమ్మ అంటుంది. ఇప్పటికీ ఉంది. అన్ని అక్షరాలూ నన్ను ఒకేలా ఇబ్బంది పెట్టవు. అ, ఇ, త, న లాంటివి దయతలచి వదిలేస్తాయి. క, గ, ప ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులో ఎవరో తలుపు వేసినట్టవుతుంది. ఏం చెప్పాలో నాకు తెలుసు, నోరు తెరిచే ఉంటుంది, శబ్దం రాదు. ఎదుటివాళ్లు మొదట నా పెదాల వైపు చూస్తారు. కాసేపయ్యాక నేల వైపు చూస్తారు.

మాది కొవ్వూరుకు దిగువన గోదావరి గట్టును ఆనుకుని ఉన్న ఊరు. ఇంటికి ముందు గట్టు, వెనక పంట కాలువ. నాన్న ఏటిలో వేటకు వెళతాడు. అమ్మ ఆ చేపల్ని తీసుకెళ్లి కొవ్వూరు మార్కెట్లో అమ్ముతుంది. అమ్మ మాట మహా చురుకు. ఒకరికి తూకం వేస్తూ, ఇంకొకరికి ధర చెబుతూ, మూడో ఆవిడ కోడలు నీళ్లోసుకుందా లేదా అని ఆరా తీయగలదు. అలాంటి మనిషికి మాట రాని పిల్ల పుట్టింది. అందుకని నా మాటలు కూడా తనే మాట్లాడేసేది. నేను "నా" అనగానే "నాన్న ఏడీ అంటావా, ఇంకా ఒడ్డుకి రాలేదు" అనేది. బడిలో మాస్టారు నా పేరడిగితే తను చెప్పేది. డాక్టరు ఎక్కడ నొప్పి అనడిగితే తను చూపించేది. చుట్టాలెవరైనా వచ్చి నన్ను పలకరిస్తే అమ్మ జవాబు చెప్పేదాకా నేను తలూపుతూ నిలబడేదాన్ని.

నా నోటికోసం అమ్మ చెయ్యని పని లేదు. వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి నాలుక మీద రాసేది. పిఠాపురం తీసుకెళ్లి కుక్కుటేశ్వరుడికి మొక్కుకుంది. తిరుగు ప్రయాణంలో రైల్లో నాకెదురుగా కూర్చుని, ఊళ్లు వెళ్లిపోతుంటే వాటిని చూడకుండా నా నోటివంకే చూస్తూ వచ్చింది. ఏదైనా ఒక మాట సాఫీగా వస్తుందేమోనని. ఆమెను నిరాశపరచడం ఇష్టంలేక నేను ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు.

రాయడంలో మాత్రం నాకు ఏ అడ్డూ లేదు. పలక పట్టుకున్నప్పటి నుంచీ అంతే. పరీక్షల్లో మార్కులు బాగా వచ్చేవి. ఇంటర్ అయ్యాక రాజమండ్రిలో డిగ్రీలో చేరాను. బీఎస్సీ, బోటనీ ఉన్న గ్రూపు. రోజూ వంతెన మీదుగా బస్సులో వెళ్లి రావడం. బస్ పాస్ చేతికొచ్చిన రోజు నాకు ఎంత తేలికపడిందో చెప్పలేను. ఇక కండక్టరుతో "కొవ్వూరు" అనక్కర్లేదు. ఆ 'క' దగ్గర నేను ఆగిపోతే వెనక ఉన్నవాళ్లంతా నా కోసం ఎదురుచూడక్కర్లేదు. కార్డు చూపించి కిటికీ పక్కన కూర్చుంటే చాలు.

రెండో ఏడాదిలో ఉండగా మా అందరి ఫోన్లలోకీ ఏఐ వచ్చింది. నా పక్క సీటు స్నేహితురాలిది నిడదవోలు దగ్గర రైతుల కుటుంబం. గలగలా మాట్లాడే పిల్ల. బస్సు వంతెన ఎక్కేటప్పుడు ఫోన్ తీసి అసైన్‌మెంట్ ప్రశ్న టైపు చేస్తే, అవతల ఒడ్డుకి దిగేలోపు దానికి నాలుగు పేజీల జవాబు తయారయ్యేది. "చూశావా, గోదారి దాటేలోపు చదువైపోయింది" అని నవ్వేది.

నేను దాన్ని మొదట వాడింది వేరే పనికి. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివాను. డిగ్రీ పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఒక్కో పేరా మూడుసార్లు చదివినా పట్టుబడేది కాదు. ఆ పేరాని ఫోన్లో పెట్టి, దీన్ని నాకు తేలిక తెలుగులో చెప్పు అని అడిగితే చెప్పేది. అర్థం కాలేదంటే ఇంకోలా చెప్పేది. దానికి నా ముఖం కనపడదు. నేను ఎంతసేపు ఆలోచించుకుని టైపు చేసినా విసుక్కోదు. క్లాసులో సందేహం అడగాలంటే లేచి నిలబడాలి, అందుకని నేను ఎప్పుడూ అడగలేదు. అలా అడగకుండా దాచుకున్న సందేహాలు నా దగ్గర చాలా ఉండేవి. ఎనిమిదో తరగతిలోవి కూడా. ఒక ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే గుర్తుచేసుకుని అడిగాను. రాత్రిళ్లు చెట్లు ఏం పీల్చుకుంటాయి, తామరాకు మీద నీళ్లు ఎందుకు నిలవవు, అరటికి విత్తనాలు ఎందుకుండవు. చెప్పినవాటిని పుస్తకంలో సరిచూసుకున్నాను. ఆ సాయంత్రం నేను ఎవరితోనో బోలెడు కబుర్లు చెప్పి వచ్చినదానిలా ఉన్నానని అమ్మ అంది.

మా బోటనీ మేడంది పెనుగొండ. నిదానమైన మనిషి. ఎవరినీ ఏకవచనంతో కసరడం నేను వినలేదు. డిసెంబరులో ఆవిడ మేమిచ్చిన అసైన్‌మెంట్ల కట్ట తీసుకుని క్లాసుకి వచ్చి, పేర్లు చెప్పకుండా మూడింటి మొదటి పేరాలు చదివారు. మూడూ ఒకే వాక్యంతో మొదలయ్యాయి. మొదట వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది, తర్వాత అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వారు. అప్పుడు ఆవిడ చెప్పింది నాకు బాగా గుర్తు.

"నేనూ వాడుతున్నానమ్మా, వద్దని మీకెలా చెప్పను? వాడండి. కానీ వాడి, వాడలేదని చెప్పకండి. ఎక్కడ వాడారో కాగితం చివర రాయండి. రాసింది మీకు తెలిసే రాశారని నాకు తెలియాలి కదా, అందుకని ఈసారి ఒక్కొక్కరూ వచ్చి దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. తెలుగులో చెప్పినా ఫర్వాలేదు. చేతిలో కాగితం ఉండకూడదు."

క్లాసంతా గొణిగింది. ఎవరి గొడవ వాళ్లది. నాకు మాత్రం చెవుల్లో హోరు మొదలైంది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, న్యాయమైన మాట. అయినా నాకున్న ఒక్క దారీ మూసుకుపోయినట్టనిపించింది. ఇన్నేళ్లూ కాగితం మీద బతికినదాన్ని. ఇప్పుడు కాగితాన్ని నమ్మలేం, నోటితో చెప్పమంటున్నారు.

అంశాలు చీటీలు వేసి పంచారు. నాకు గుర్రపుడెక్క వచ్చింది. మా ఇంటి వెనక కాలువ నిండా తేలుతూ ఉండేది అదే. అంతకంటే సులువైన అంశం ఇంకొకరికి రాలేదు. కానీ అది 'గ' తో మొదలవుతుంది.

ఇంటికొచ్చి నేను చూసినవి కొన్ని ఇంగ్లీషులో రాసుకున్నాను. మొక్కలు ఎలా అల్లుకుంటాయో, రెండో పంటకి, దాళ్వాకి, నీళ్లు వదిలినప్పుడు అవి తూము దగ్గర ఎలా అడ్డుపడతాయో, కాలువ చూసుకునే లస్కర్లు వచ్చి గెడలతో ఎలా తోస్తారో. నా ఇంగ్లీషు నాకే నచ్చలేదు. దాన్ని ఫోన్లో పెట్టి బాగుచెయ్యమన్నాను. అది బాగుచేసింది. చాలా బాగుంది, పత్రికలో వచ్చే వ్యాసంలా. చివర్లో మా ఊరి మహిళలు గుర్రపుడెక్క కాడలతో బుట్టలు అల్లి ఆదాయం పొందుతున్నారని ఒక పేరా కూడా చేర్చింది. అది తెలుగులో చెబితే అమ్మ చేస్తున్న పని ఆపేసింది.

"ఎవరే వాళ్లు? నాకు తెలీకుండా మనూళ్లో బుట్టలల్లేవాళ్లెవరే?"

ఎవరూ లేరు. ఎక్కడో ఏ ఊళ్లోనో అల్లుతారేమో, అది మా ఊరికి అంటగట్టింది. ఆ పేరా కొట్టేశాను. మిగతాది పైకి చదవబోయాను. రెండో వాక్యంలోనే ప్రొలిఫరేషన్ అనే మాట ఉంది. పెదాలు అతుక్కుపోయాయి. నాలుగో వాక్యంలో ఇంకోటి. నేను మాట్లాడేటప్పుడు ముందున్న మాటను దూరం నుంచే చూసుకుని, అది రానిదైతే పక్కకి తప్పుకుని వచ్చే మాట వేసుకుంటాను. చిన్నప్పటి నుంచీ అలాగే నెట్టుకొచ్చాను. ఆ కాగితం మీద ఉన్నవి నేను ఏరుకున్న మాటలు కావు. నా నోటి సంగతి తెలియని వాళ్లు ఏరినవి. చదువుతూ చదువుతూ ఏడుపొచ్చింది.

అమ్మ ఊరుకోలేదు. మర్నాడు బేరం త్వరగా ముగించుకుని, స్నానం చేసి, మంచి చీర కట్టుకుని నాతో పాటు కాలేజీకి వచ్చింది. వద్దంటే వినలేదు. స్టాఫ్ రూములో మేడం ఒక్కరే ఉన్నారు. అమ్మని కూర్చోమన్నారు. అమ్మ కూర్చోలేదు.

"మా పిల్లకి మాట తొందరగా రాదండి. చదువులో లోటు లేదండి, ఎంతైనా రాస్తాది. మాట్లాడమంటే పిల్ల ఇదైపోతందండి. దీనొక్కదాన్ని వదిలెయ్యండి మేడం గారూ, మీకు పుణ్యముంటది."

మేడం ఆశ్చర్యంగా నా వైపు తిరిగారు. ఏడాదిన్నరగా నేను ఆవిడ క్లాసులో ఉన్నాను. నేను మాట్లాడకపోవడం చూసి నిదానస్తురాలిననుకున్నారట. నత్తి సంగతి ఆవిడకి తెలియదు. తెలిసేలా నేనెప్పుడూ నోరు తెరవలేదు.

"ఇది నేనే ముందు ఆలోచించాల్సిందమ్మా" అన్నారు నాతో. "నువ్వు నా ఎదురుగా కూర్చుని రాసి ఇవ్వొచ్చు. అందులో నీకు నేను చేసే ఉపకారమేమీ లేదు, నాకు కావాల్సింది నీకు తెలుసా లేదా అన్నదే. లేదూ, మాట్లాడతానంటే ఎంతసేపైనా మాట్లాడు. ఏం చేద్దామంటావ్?"

"రాస్తాదండి" అంది అమ్మ వెంటనే.

మేడం అమ్మ వైపు తిరిగి చాలా మెత్తగా, "మీరు కాదండి. తనని చెప్పనివ్వండి" అన్నారు.

ఆ గదిలో గోడ గడియారం ఉంది. దాని చప్పుడు నాకు వినపడుతోంది. ఆవిడ నా పెదాల వంక చూడలేదు, నేలవంకా చూడలేదు. నా కళ్లలోకి చూస్తూ ఊరికే కూర్చున్నారు, పనేమీ లేనట్టు. రాసిస్తానండి అని చెప్పాలనే అనుకున్నాను. అది నాకు సులువైన మాట కూడా. కానీ అంతసేపు నా కోసం ఎవరైనా ఆగడం అదే మొదటిసారి. ఆ ఆగడం చూశాక వేరే మాట చెప్పాలనిపించింది.

"మా... మా... మాట్లాడతానండి" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. వంతెన దాటుతుంటే కొంగు కొస వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి నీళ్లు చూసింది. చివరికి, "ఆవిడ నన్ను నోర్మూసుకోమందంటావా?" అనడిగింది. కాదని చెప్పడానికి నాకు కొవ్వూరు స్టాండు దాకా పట్టింది. అమ్మ మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

ఇక మాట్లాడడం అభ్యాసం చెయ్యాలి. ఇంట్లో వాళ్లముందు సిగ్గనిపించి మొదట ఫోన్లో ఏఐతోనే మాట్లాడదామనుకున్నాను. నోటితో మాట్లాడితే అది నోటితోనే బదులిస్తుంది. కాలువ గట్టు మీదికి వెళ్లి మొదలుపెట్టాను. 'గ' దగ్గర ఆగాను. నా మాట అయిపోయిందనుకుని అది జవాబు మొదలుపెట్టేసింది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. నేను ఆగిన ప్రతిచోటా అది అందుకునేది. చాలా మర్యాదగా, ఎంతో సాయం చేస్తున్నట్టు. కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. అమ్మ కంటే తొందర దీనికి.

మాట కట్టేసి మళ్లీ టైపింగుకి వచ్చాను. ఈసారి ఒకటే అడిగాను. నువ్వు ఏమీ రాసి పెట్టొద్దు, జవాబులు కూడా చెప్పొద్దు. బోటనీ లెక్చరర్ అడిగినట్టు నన్ను ప్రశ్నలు అడుగు, ఒక్కోసారి ఒక్కటే. అది అడగడం మొదలుపెట్టింది. మంచి ప్రశ్నలు. కొన్నిటికి నాకు వెంటనే తెలిసింది. కొన్నిటికి పుస్తకం తిరగెయ్యాల్సి వచ్చింది. ఒకటి మాత్రం నన్ను ఆపేసింది. ఈ మొక్కకి ఆకు కాడ కొన్నిచోట్ల బుడగలా ఉబ్బి ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు, ఎందుకని? పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొక్క. కొన్నిటికి ఉండదన్న సంగతే నేను గమనించలేదు.

చెప్పులు విడిచి కాలువలోకి దిగాను. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. అంచున ఖాళీ నీటిలో విడివిడిగా తేలుతున్న మొక్కల కాడలు చిన్న చిన్న బుడగల్లా గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. మధ్యలో ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసిన చోట కాడలు సన్నగా, పొడుగ్గా, నా మోచేతి కంటే ఎత్తుగా నిలబడి ఉన్నాయి. పక్కనున్నవే ఆనుకుని నిలబెడుతుంటే తేలడానికి బుడగతో పనేముంది, వెలుతురు కోసం పైకి పోవడమే కావాలి. అలా అయ్యుంటుందని నాకు నేనే అనుకున్నాను. తర్వాత లైబ్రరీలో పుస్తకం చూస్తే అదే ఉంది. రెండు రకాలవీ వేళ్లతో సహా పీకి బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఈ చెత్త ఇంట్లోకెందుకే అంది అమ్మ. ఉబ్బిన కాడను నొక్కి, లోపల గాలి గదులు చూపించాను. అమ్మ కూడా ఒకదాన్ని నొక్కి చూసింది.

అప్పుడే అమ్మని అడిగాను, నేను చెప్తాను వింటావా అని.

సాయంత్రాలు అమ్మ రొయ్యలు ఒలుచుకుంటూ పీట మీద కూర్చునేది. నేను ఎదురుగా నిలబడి మొదలుపెట్టేదాన్ని. నేను ఆగగానే అమ్మ నోట్లోంచి ఆ మాట వచ్చేసేది. "కాలువ" అనేది. "గాలి" అనేది. అని, "అయ్యో" అని నాలిక్కరుచుకునేది. మళ్లీ మొదటికి. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాన్న వల బాగుచేసుకుంటూ వింటూ ఉండేవాడు. ఆయన ఎప్పుడూ నా మాట అందుకోలేదు. ఆయన తన మాటలే పొదుపుగా వాడే మనిషి.

ఒక సాయంత్రం అమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి.

"నాకు వచ్చేస్తాదే నోట్లోకి. నువ్వక్కడ అవస్థ పడతా ఉంటే చూస్తా కూర్చోడం నా వల్ల కాదే."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పాలనుకున్నది చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకచోట మరీ ఎక్కువసేపు ఆగిపోయాను.

"ఆ అవస్థ... కాసేపే ఉంటదమ్మా. నువ్వు అందించేస్తే, నా మాట నేను చెప్పలేకపోయానే అన్నది చాలా రోజులుంటది."

అమ్మ చేతిలో రొయ్య అలాగే పట్టుకుని ఉంది. అన్నేళ్లుగా నేను ఆమెతో ఆ మాట చెప్పలేదు, ఆమె అడగలేదు. కాసేపటికి ముంజేత్తో ముక్కు తుడుచుకుని, "సరే, మళ్లీ మొదట్నుంచి చెప్పు" అంది. కొంగు కొస పళ్ల మధ్య బిగించి పట్టుకుంది. నేను ఆగినప్పుడల్లా ఆమె దవడ కదిలేది, కళ్లు పెద్దవయ్యేవి, కానీ కొంగు వదల్లేదు. ఆ రోజు నేను మొదటి నుంచి చివరిదాకా మొత్తం చెప్పాను. అయ్యేసరికి రొయ్యలు ఒలవడం కాలేదు, అన్నం ఆలస్యమైంది. మేము అలసిపోయి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

కాగితం మళ్లీ రాశాను, నా మాటల్లో. ఇంగ్లీషులో తప్పులుంటే చూపించు, వాక్యాలు మార్చొద్దు అని ఏఐకి చెప్పి, అది చూపించినవాటిని నేనే దిద్దుకున్నాను. చివర్లో మేడం చెప్పినట్టు రాశాను. పాఠం అర్థం చేసుకోవడానికి, ప్రశ్నలు అడిగించుకోవడానికి, తప్పులు చూపించుకోవడానికి వాడానని. కాలువలో చూసినవి నేను చూసినవేనని. బుట్టల పేరా అది కల్పించిందని, అందుకని తీసేశానని కూడా.

సెమినార్ రోజు ముందు నా స్నేహితురాలి వంతు వచ్చింది. ఆమెది మడ అడవులు. కాగితమంతా బట్టీపట్టి చక్కగా, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. మేడం ఆమె వాడిన ఒక మాటకి అర్థమేంటని అడిగారు. ఆమె పైకప్పు వైపు చూసి, మేడం వైపు చూసి, "గోదారి మీద రాసిందండి మేడం, అక్కడే ఉండిపోయింది" అంది. మేడంతో సహా అందరూ నవ్వారు. మళ్లీ వారం రమ్మన్నారు, అంతే. ఆ ఆదివారం ఆమె వాళ్ల నాన్నగారి బండి మీద కోరింగ మడ అడవికి వెళ్లి, బురదలోంచి నిలువుగా పైకొచ్చిన ఊపిరి వేళ్లు చూసి వచ్చింది. బురదలో చెప్పు పోగొట్టుకుంది. మళ్లీ వారం ఆమె మాట్లాడినదాంట్లో సగం ఆ చెప్పు గురించే, అయినా నాకు మడ అడవులంటే ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

నా వంతు వచ్చింది. బకెట్టు తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. మొదటి మాట నేను ముందే ఆలోచించుకున్నాను.

"నాకు నత్తి ఉంది. ఆగితే అయిపోయిందనుకోవద్దు. ఇంకాస్త ఆగండి."

నా స్నేహితురాలికి తప్ప క్లాసులో ఎవరికీ నా గొంతు తెలియదు. అదే మొదటిసారి వినడం. వెనక ఎవరో చిన్నగా నవ్వి ఆపేశారు. నేను మొదలుపెట్టాను. గుర్రపుడెక్క అని అనకుండా దాని శాస్త్రీయ నామం ఐకార్నియా అంటూ పోయాను, అచ్చు కనుక నాకది సులువు. మిగతా పిల్లలు నేనేదో పెద్ద చదువరిననుకున్నారట, తర్వాత చెప్పారు. కానీ కాలువని తప్పించుకోలేను కదా. 'క' దగ్గర ఆగాను. ఫ్యాన్ల చప్పుడు వినపడింది. మెడ నరాలు బిగుసుకోవడం నాకే తెలుస్తోంది. ఎవరూ అందించలేదు. వచ్చింది. తర్వాతది కూడా వచ్చింది. సన్న కాడ, ఉబ్బిన కాడ రెండూ పక్కపక్కన పట్టుకుని చూపించాను. ముందు బెంచీ వాళ్లు లేచి నిలబడి చూశారు.

సగం కూడా కాకుండానే బెల్లు కొట్టారు. తర్వాతి క్లాసు సారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మేడం లేచి, "ఇక్కడితో ఆపేస్తావా, రేపు మిగతాది చెప్తావా?" అని అడిగారు. రేపు చెప్తానండి అన్నాను. బకెట్టు డిపార్ట్‌మెంటులో ఒక మూల పెట్టమన్నారు.

మర్నాడు మిగతాది చెప్పాను. ముందు రోజు కంటే ఎక్కువే ఆగాను, నిజానికి. కానీ భయం తగ్గింది. అయ్యాక మేడం ప్రశ్నలడిగారు, తర్వాత మా క్లాసు వాళ్లు అడిగారు. నన్ను అప్పటిదాకా ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు, జవాబు చెప్పడం నాకు కష్టమని. అదంతా మర్యాదేననుకునేదాన్ని. ఆ రోజు ఒకమ్మాయి, వీటి వేళ్లు నీళ్లలో విషం పీల్చుకుంటాయంటారు, మరి మీ కాలువ నీళ్లు శుభ్రంగా ఉన్నాయా అని అడిగింది. "తెలియదు" అన్నాను. ఆ మాట ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. మేడం నవ్వుతూనే, తెలియదని చెప్పడం ఆ ఫోనుకి కూడా నేర్పాలమ్మా అన్నారు.

తర్వాత మేడం నన్ను పిలిచి, కాగితం చివర నేను రాసినదాన్ని క్లాసులో చదవచ్చా అని అడిగారు. నేను సరేనన్నాక చదివారు, ఎలా వాడారో ఇంత వివరంగా రాయండి చాలు అని. తర్వాతి బ్యాచ్‌ నుంచి నిబంధన కాస్త మార్చారు. మాట్లాడొచ్చు, ఎదురుగా కూర్చుని రాయొచ్చు, ఎవరికి ఏది వీలైతే అది, కారణం చెప్పక్కర్లేదు. రాయడం ఎంచుకున్నవాళ్లలో నత్తి లేనివాళ్లు కూడా చాలామంది ఉన్నారట. మనుషుల ముందు నిలబడడానికి భయపడేవాళ్లు ఇంతమంది ఉన్నారని ఆవిడకే ఆశ్చర్యమేసిందట.

ఇప్పుడు నేను రాజమండ్రిలోనే పీజీ చదువుతున్నాను. నత్తి తగ్గలేదు. ఈమధ్య స్పీచ్ థెరపీకి వెళుతున్నాను, ఊపిరి ఎలా తీసుకోవాలో అక్కడి థెరపిస్టు నేర్పుతున్నారు. తగ్గితే సంతోషం. ఏఐని రోజూ వాడతాను. అర్థం కానిది అడుగుతాను, నన్ను ప్రశ్నలు అడగమంటాను. అది చెప్పినవాటిలో తప్పులు ఇప్పటికీ దొరుకుతుంటాయి. దొరికినప్పుడల్లా ఆ బుట్టలల్లే ఆడవాళ్లని తలుచుకుంటాను.

మొన్న మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన అమ్మాయి ప్రాజెక్టు కాగితాలు పట్టుకొచ్చి, "అక్కా, ఇందులో ఏఐతో రాయించింది ఉంచొచ్చా, తీసెయ్యాలా?" అని అడిగింది. నాకు సలహాలు చెప్పడం చేతకాదు, చాలా టైం పడుతుంది. అందుకని పైకి చదవమన్నాను. ఆమె చాలా వేగంగా చదివింది. ఒకచోట ఆపించి, ఇదేంటి అని అడిగాను. ఆమె మళ్లీ చదువుకుని నవ్వేసి, పెన్సిలుతో గీత పెట్టుకుంది. ఇంకోచోట ఆపకుండానే తనే ఆగి, "ఇది మాత్రం నేను చూసిందేనక్కా, మా చేలోది" అంది ముఖం వెలిగిపోతుంటే. ఏం చూసిందో చెప్పమన్నాను. వాళ్ల చేలో వరి కంకుల మీద వచ్చిన మసి రంగు తెగులు, పొద్దున్నే మంచుకి అది వేళ్లకి ఎలా అంటుకుంటుందో, వాళ్ల నాన్న దాన్ని చూసి ఎలా దిగులుపడ్డాడో చెప్పింది. కాగితంలో అవేవీ లేవు. చెబుతూ చెబుతూ కాగితాలు పక్కన పెట్టేసింది. మేమిద్దరం ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. రాజమండ్రిలోనే ఉన్న కోటిపల్లి బస్టాండుకి వచ్చి, బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు కొనుక్కున్నాం. తర్వాతి బస్సు వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది, నేను వింటూ కూర్చున్నాను.